చాప కింద తుప్పు: పాత కార్ల అడుగు రేకుల మరమ్మతు

పాత కారును పునరుద్ధరించేటప్పుడు చూపు సహజంగా ఇంజను మీదికి, పైరంగు మీదికి పోతుంది గాని, ఆ బండి తిరిగి రోడ్డెక్కగలదా లేదా అన్నది తరచుగా తేల్చేది ప్రయాణికుల కాళ్ల కింద పరుచుకుని ఉండే పలుచని ఉక్కు రేకు. మెకానిక్కులు ఫ్లోర్ షీట్ అని పిలిచే ఈ అడుగు రేకు ప్రాముఖ్యం బండి నిర్మాణాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం కాలపు 1912 నాటి రోల్స్ రాయిస్‌లోనూ, గనుల దారుల్లో తిరిగిన జీపుల్లోనూ బరువంతా కింద ఉండే దృఢమైన ఛాసిస్ చట్రమే మోస్తుంది కనుక, రేకు చిల్లు పడినా బండి ఆకృతికి వెంటనే ప్రమాదం రాదు. 1950ల చివరి నుంచి 2014 వరకు హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన అంబాసిడర్ మాత్రం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై రూపొందిన మోనోకాక్ వాహనం. అంటే విడిగా ఛాసిస్ లేకుండా, అడుగు రేకు, తలుపుల కింది బోలు పట్టీలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన ఒకే పెట్టె. ప్రీమియర్ పద్మిని కూడా ఇదే కోవలోనిది. ఇటువంటి బండిలో అడుగు రేకు శిథిలమైతే పెట్టెకు అడుగు ఊడినట్టే.

ఈ శిథిలత ఎంత వేగంగా ముదురుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. రేకు వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, తుప్పు తిని మందం సగానికి తగ్గిన రేకులో ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చిల్లు కనబడే నాటికి దాని చుట్టూ చాలా మేర రేకు బలం అప్పటికే హరించుకుపోయి ఉంటుందన్నమాట.

తుప్పు ఒక విద్యుత్ రసాయన చర్య. ఉక్కు మీద తేమ పొర చేరినప్పుడు, ఆనోడు అనే చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా కాథోడు అనే మరో చోటికి ప్రవహించి, అక్కడి ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి. కరిగిన ఇనుము క్రమంగా ఆర్ద్ర ఆక్సైడుగా, అంటే తుప్పుగా, మారి, పూర్వపు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తూ పొరలు పొరలుగా ఉబ్బుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ ఇనుము మీద ఉప్పునీటి బొట్టును ఉంచి చూపినట్టు, గాలి బాగా తగిలే బొట్టు అంచు కాథోడుగా ఉండిపోతే, గాలి అందని మధ్య భాగమే ఆనోడుగా మారి తినేయబడుతుంది. కారులో రబ్బరు చాప, దాని కింది జనపనార మెత్త చేసే పని సరిగ్గా ఇదే. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు పగిలి లోపలికి దిగిన వాన నీరు మెత్తలో ఇంకి, గాలి తగలని చోట నెలల తరబడి నిలుస్తుంది. చాప కింద నీరు అన్న నానుడికి ఇంతకంటే అక్షరాలా సరిపోయే ఉదాహరణ దొరకదు.

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఈ చర్యకు పరిసరాలు మరికొంత తోడవుతాయి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి, బొగ్గు రవాణా దారుల నుంచి లేచే ధూళి, 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం ఉన్న చోట తప్పని బూడిద బండి అడుగున పేరుకుని, వానలకు తడిసి, స్పాంజిలా తేమను పట్టి ఉంచుతాయి; తలుపుల కింది పట్టీల్లో నీరు కారిపోవడానికి వదిలిన చిన్న రంధ్రాలను పూడ్చివేస్తాయి. ఈ గనుల్లో దొరికే గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే ఉన్నా, అందులోని పైరైట్ అనే ఇనుప సల్ఫైడు తడి గాలిలో ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. గాలిలో సల్ఫర్ డయాక్సైడు స్వల్పంగా ఉన్నప్పుడు సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటగానే తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుందని, బొగ్గుపొడి వంటి రేణువులు ఆ వేగాన్ని మరింత పెంచుతాయని 1930లలో వెర్నన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చూపాయి. తెలంగాణలో వానాకాలమంతా గాలిలో తేమ ఆ హద్దుకు పైనే ఉండటం సాధారణం.

మరమ్మతు పరీక్షతో మొదలవుతుంది. సీట్లు, చాపలు, మెత్తలు తీసివేసి, బ్యాటరీ విప్పి, పెట్రోలు ట్యాంకును, గొట్టాలను దూరం చేసిన తరువాత, రేకును చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. మోనోకాక్ బండిలో రేకు కోయడానికి ముందే తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప గొట్టాలు అతికి, బరువు మోయగల చోట్ల బండికి ఊతమిచ్చి, మూల నుంచి మూలకు కొలతలు రాసుకోవాలి. లేకపోతే కోసిన మరుక్షణం నుంచి పెట్టె కుంగి, కొత్త రేకు వేసిన తరువాత తలుపులు పట్టవు. కోత తుప్పు అంచు దగ్గర ఆగకుండా, గ్రైండర్‌కు మెరిసే లోహం తగిలే వరకు సాగాలి.

కొత్త ముక్కకు మూలరేకు మందానికి సరిపడే గేజీ గల, చల్లగా రోలింగ్ చేసి మెత్తబరిచిన ఉక్కు రేకును వాడతారు. 20 గేజీ రేకు మందం సుమారు 0.9 మిల్లీమీటర్లు, 18 గేజీది 1.2 మిల్లీమీటర్లు. ముందుగా అట్టతో నమూనా కత్తిరించి, రేకు మీద గీసి కోసి, పాత రేకులో ఉన్న గాడులను కొత్తదానిలోనూ తీర్చాలి. ఆ గాడులు అలంకారానికి పెట్టినవి కావు. బరువు పెంచకుండానే పలుచని రేకుకు బిగువునిచ్చి, మోతను తగ్గిస్తాయి.

అతుకు పెట్టడంలో ప్రధాన శత్రువు వేడి. ఉక్కు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో దాదాపు పది లక్షల్లో 12 వంతులు వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల మేర 600 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.7 మిల్లీమీటర్లు సాగాలి. చుట్టూ ఉన్న చల్లని రేకు అడ్డుపడటంతో ఆ భాగం లోపలే నలిగి, చల్లారేటప్పుడు కుంచించుకుని, రేకును మెలితిప్పుతుంది. గ్యాస్ వెల్డింగ్ మంట వేడిని విస్తారంగా పరుస్తుంది కాబట్టి పలుచని రేకుకు విద్యుత్ ఆర్క్‌తో చేసే సీఓటూ వెల్డింగ్ మేలు. అందులోనూ ఒకే వరుసగా కాకుండా, ఒక చోట చుక్క పెట్టి దూరంగా మరో చోటికి పోతూ, మధ్య ఖాళీలను ఆ తరువాత నింపుకుంటూ రావాలి. అంచులు ఒకదానిపై ఒకటి పడేలా కాకుండా ఎదురెదురుగా చేర్చి అతికితే, రెండు రేకుల నడుమ నీరు నిలిచే సందు మిగలదు.

ప్యాచ్ వర్క్ పేరుతో తుప్పు మీదే కొత్త రేకు కప్పి, లప్పం పూసి, తారు కొట్టే పద్ధతి విఫలమయ్యేది ఇక్కడే. ఆ పై పొర తేమను లోపల బంధించి, చాప చేసిన పనినే కొనసాగిస్తుంది. గ్రైండర్ చేరని మూలల్లో పలుచగా మిగిలే తుప్పుకు ఫాస్ఫారిక్ లేదా టానిక్ ఆమ్లం గల ద్రావణం పూస్తారు. టానిన్ ఇనుముతో కలిసి నల్లని స్థిరమైన సంయోగ పదార్థాన్ని ఏర్పరుస్తుంది. కరక్కాయ కషాయంలో నానిన గుడ్డపై ఇనుప ముక్కలు, బెల్లం పులిసిన నీళ్లు తగలగానే శ్రీకాళహస్తి కలంకారీకి నలుపు వచ్చేది ఇదే రసాయన సూత్రంతో. ఆ తరువాత శుభ్రమైన ఉక్కుపై జింకు పాళ్లు ఎక్కువగా ఉన్న ప్రైమరు వేస్తే, ఇనుము కంటే ముందుగా జింకు తాను కరిగిపోతూ రేకును కాపాడుతుంది. దాని మీద ఎపాక్సీ పూత, అతుకుల్లో సీలెంటు, చివరన మాత్రమే అడుగు పూత వేయాలి. జింకు పూసిన రేకును అతికేటప్పుడు వచ్చే పొగ జ్వరం తెప్పించగలదు కనుక, గాలి ఆడే చోటు, ముఖానికి తగిన మాస్కు తప్పనిసరి.

ఈ పని మూలరూపానికి కట్టుబడి ఉండటానికి చట్టపరమైన కారణమూ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, మౌలిక రూపంలో పెద్ద మార్పులు లేని సొంత వాహనానికే వింటేజ్ గుర్తింపు దక్కుతుంది. కాబట్టి మరమ్మతుకు ముందూ తరువాతా తీసిన చిత్రాలను, కొలతలను భద్రపరచుకోవడం మంచిది. మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెనకబట్టాక మరొకసారి చాపలెత్తి ఆరబెట్టి, పట్టీల రంధ్రాలను సన్నని తీగతో శుభ్రం చేసుకునే యజమానికి ఈ మరమ్మతు అవసరం చాలా ఏళ్లపాటు రాదు.