డోలీ మోసే భుజాలు

మన గోడపత్రికలో ఈసారి "ఇరుగుపొరుగు, సాయం" గురించి రాయమన్నారు. సాయం చేయడం మంచిదని మనకి తెలిసినదే. అది ఎలా జరుగుతుందో, ఎవరు ఎంత మోస్తారో మాత్రం మనం ఎప్పుడూ లెక్క వేసి చూడం. అందుకని నేను కళ్ళారా చూసిన ఒక డోలీ గురించి రాస్తున్నాను.

దసరా సెలవులకి మా ఊరు వెళ్ళేను. మూడోనాడు రాత్రి మా పక్కింటి చిన్నమ్మకి పురిటి నొప్పులు మొదలయ్యాయి. మా ఊరి నుంచి జీపు వచ్చే రోడ్డుకి ఐదు కిలోమీటర్లు. మధ్యలో ఒక గెడ్డ, ఒక కొండ. 108కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం ముందు ఆ కొండే ఎక్కాలి. ఒక అన్న ఫోన్ పట్టుకొని ముందుగా పరుగెత్తేడు. మిగతావాళ్ళు డోలీ కట్టేరు.

డోలీ ఎలా కడతారు?

మన్యంలో పుట్టిన మనలో చాలామంది డోలీని చూసే ఉంటారు. బలమైన పొడుగాటి కర్ర ఒకటి, గట్టి దుప్పటి ఒకటి, తాళ్ళు ఉంటే చాలు. దుప్పటి రెండు చివరలూ కర్రకి కడితే ఊయలలా వేలాడుతుంది. మనిషిని అందులో పడుకోబెట్టి ముందొకరు, వెనకొకరు మోస్తారు. కొండ దిగేటప్పుడు దుప్పటి కర్ర మీద కిందికి జారితే, కింది వైపు ఉన్నవాడి మీదే బరువంతా పడుతుంది. అందుకే పెద్దవాళ్ళు ముడిని రెండుసార్లు లాగి చూస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. పేషెంటు 50 కిలోలు, కర్రా దుప్పటీ కలిపి మరో 6 కిలోలు అనుకుందాం. ఇద్దరు మోస్తే ఒక్కొక్క భుజం మీద 28 కిలోలు. మన మెస్సుకి వచ్చే 25 కిలోల బియ్యం బస్తాని ఒక్క భుజం మీద పెట్టుకొని, చీకట్లో, జారే రాళ్ళ మీద ఐదు కిలోమీటర్లు నడిచినట్టే. పైగా బస్తాని మధ్యలో కింద పడేసి కూర్చోవచ్చు, మనిషిని పడేయలేం. కాబట్టి ఇద్దరితో అయ్యే పని కాదు. ఆరుగురు, ఎనిమిదిమంది వంతులు మారుతూ మోయాలి. ఒకరు దీపం పట్టాలి, ఒకరు నీళ్ళు పట్టుకోవాలి, ఒక ఆడమనిషి పక్కనే నడుస్తూ మాటాడుతుండాలి.

ఆ రాత్రి మా ఊళ్ళో మోయగలిగిన మగవాళ్ళు ఐదుగురే ఉన్నారు. మిగతావాళ్ళు కూలికి పోయేరు. గెడ్డ దాటాక ఇంకో ఊరు వస్తుంది. మా నాన్న కేక వేసేడు. "ఎవరూ? ఎందుకూ?" అని ఎవరూ అడగలేదు. తలుపులు తీసుకొని నలుగురు వచ్చేరు. వాళ్ళలో ఒకాయన, పోయినేడు పొలం గట్టు దగ్గర మా నాన్నతో గొడవపడిన మనిషి. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆయన వచ్చి మా నాన్న భుజం మీంచి కర్ర తన భుజానికి ఎత్తుకున్నాడు. మా నాన్న ఆయన చేతిలోని దీపం అందుకున్నాడు. రోడ్డు దాకా ఇద్దరూ ఒక్క మాటా ఆడుకోలేదు.

ఎందుకు మోస్తారు?

తిరిగి వచ్చేటప్పుడు నేను నాన్నని అడిగేను, "ఆయనకి మనమీద కోపం కదా, ఎందుకొచ్చేడు?" అని. "కోపం గట్టు మీద. డోలీలో ఉన్నది మనిషి కదరా" అన్నాడు నాన్న.

నేను ఆలోచిస్తే ఇందులో మూడు సంగతులు కనిపించేయి. మొదటిది, ఈ రోజు నీ ఇంటి ముందు నుంచి పోయిన డోలీ రేపు నీ ఇంటి నుంచే బయలుదేరవచ్చు. ఇది నాట్లకి ఒకరికొకరు బదులు వెళ్ళడం వంటిదే. రెండోది, ఇక్కడ లెక్క రాసుకోరు. ఎవరు ఎన్ని అడుగులు మోసేరో పుస్తకం లేదు. మూడోది, సాయం చేయడానికి స్నేహం ఉండనక్కరలేదు. ఇష్టమైనవాళ్ళకి చేయడం సులువు. మాటల్లేని మనిషికి భుజం ఇవ్వడమే గొప్ప.

రోడ్డు మీద కొత్తవాళ్ళ సాయం

రోడ్డు దగ్గరికి వచ్చేసరికి అంబులెన్సు ఇంకా రాలేదు. అటుగా పోతున్న జీపు డ్రైవరు ఆపేడు. మేం ఎవరమో ఆయనకి తెలీదు. సామాన్లు వెనక్కి సర్ది చిన్నమ్మని ఎక్కించుకున్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే, "పోలీసు కేసులో ఇరుక్కుంటాం" అనే భయంతో చాలామంది ఆగరు. అలా సాయపడేవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షన్ చేర్చేరు. దాని ప్రకారం, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలినవారికి మంచి మనసుతో సాయం చేసినవారి మీద, ఆ సాయం వల్ల కేసు ఉండదు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు. ఇది మన ఇళ్ళలో కూడా చెప్పండి.

పేరు లేని రక్తం

ఆసుపత్రిలో బాబు పుట్టేడు. కానీ చిన్నమ్మకి రక్తం చాలా పోయింది. డాక్టరమ్మ రక్తం ఎక్కించాలన్నారు. మాతో వచ్చినవాళ్ళలో ఎవరి గ్రూపూ సరిపోలేదు. బ్లడ్ బ్యాంకు నుంచి ఒక సంచి తెచ్చేరు. దాని మీద గ్రూపు, తేదీ, ఒక నంబరు ఉన్నాయి. ఇచ్చినవారి పేరు లేదు.

రక్తంలో గ్రూపులు ఉన్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త 1901లో చెప్పేడు. 1930లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అందరి రక్తం అందరికీ పనికిరాదు. గ్రూపు కలవకపోతే ప్రాణానికే ముప్పు. మన దేశంలో ఒకప్పుడు డబ్బులకి రక్తం అమ్మేవారు కూడా ఉండేవారు. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి అది ఆగిపోయింది. ఇప్పుడు రక్తం ఇచ్చేవారికి డబ్బు ఇవ్వకూడదు.

పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. దానంలో ఒకసారికి 350 మిల్లీలీటర్లు గానీ, బరువు బాగా ఉన్నవారి దగ్గర 450 గానీ తీస్తారు. 18 ఏళ్ళు నిండి, కనీసం 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా, రక్తహీనత లేకుండా ఉన్నవారు ఇవ్వవచ్చు. "రక్తం ఇస్తే నీరసించిపోతాం" అని మన ఊళ్ళలో భయం ఉంది. ఆరోగ్యవంతుల ఒంట్లో పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. ఎర్రకణాలు తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగి మళ్ళీ ఇవ్వాలి. తీసిన రక్తం ఐదారు వారాలకంటె నిలవ ఉండదు. కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడూ ఇస్తూనే ఉండాలి. ఇది కూడా డోలీ వంటిదే, వంతులు మారాలి.

మనం ఏం చేయగలం?

మనకి ఇంకా 18 ఏళ్ళు రాలేదు. డోలీ కర్ర కూడా మన భుజానికి ఎక్కువే. అయినా దీపం పట్టగలం. రాత్రి జ్వరం వచ్చిన పక్క మంచం తమ్ముణ్ణి వార్డెన్ గారి దగ్గరికి తీసుకెళ్ళగలం. మన తెలుగు రాక, ఇంటి భాషే వచ్చిన కొత్త పిల్లలకి నవ్వకుండా పదాలు చెప్పగలం. పాము కరిచినవారిని నడిపించకూడదని, కోయకూడదని, బిగించి కట్టకూడదని, కదలకుండా మోసుకొని త్వరగా ఆసుపత్రికి చేర్చాలని ఊళ్ళో చెప్పగలం.

చివరగా ఒక మాట. డోలీ మోసేవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి రోడ్డు లేకపోయినా ఫరవాలేదు అనుకోకూడదు. ఆ రాత్రి గెడ్డ పొంగి ఉంటే ఎంత మంచితనం ఉన్నా చిన్నమ్మ అవతలి ఒడ్డుకి చేరేది కాదు. భుజం ఇవ్వడం పొరుగువారి పని. రోడ్డూ, వంతెనా వేయడం సర్కారు పని. ఒకటి ఉందని రెండోది మానకూడదు.

చిన్నమ్మా, బాబూ బాగున్నారు. మా నాన్నా, ఆయనా ఇప్పటికీ మాటాడుకోరు. కానీ మొన్న సంతలో ఎదురుపడితే ఆయన "బాబు ఎలా ఉన్నాడు?" అని మా అమ్మని అడిగేడట. నాన్న పక్కనే నిలబడి విన్నాడట.

— 9వ తరగతి విద్యార్థి