గాదె క్రింద పిల్లికూనలు, ఇంటిలో పసిపిల్లలు

ధాన్యము గాదెకు చేరిన కొద్ది దినములకే ఎలుకలు చేరును. ఎలుకల వెనుక పిల్లి వచ్చును. ఆ పిల్లి అటకమీది గోనె సంచులలో పిల్లలను పెట్టినదనుకొనుడు. మీ ఇంట అయిదేండ్ల ఆడపిల్ల, రెండేండ్ల మగపిల్లవాడు ఉన్నారనుకొనుడు. ఇక ఆ దినము మొదలు పిల్లల కాలు నేలమీద నిలువదు. నిచ్చెన ఎక్కుదురు, కూనలను చొక్కాలో దాచుకొందురు. తల్లిపిల్లి బుస కొట్టును. నాయనమ్మ పాలచెంబును ఉట్టిమీదికి చేర్చును.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని పెద్దలందురు. ఇది వట్టి మాట కాదు. చోటు క్షేమము కాదని తోచినచో తల్లి కూనలను నోట కరచుకొని వేరు చోటికి పోవును. కూనలు కండ్లు తెరచుటకు వారము పది దినములు పట్టును. అంతవరకు పిల్లలను దూరమునుండి చూడనిండు, తాకనీయకుడు. రెండవ వారము దాటినది మొదలు ఏడవ వారమువరకు మచ్చికకు మంచి కాలము. దినమునకు కొంతసేపు, పెద్దవారు ప్రక్కనుండగా, పిల్లలను నేలమీద కూర్చుండబెట్టి కూనలను ఒడిలోనికి రానిండు. ఈ దినములలో మనిషి చేతికి అలవడిన పిల్లి పెద్దదైన పిదప బెదరి రక్కుట తక్కువ. ఎనిమిది వారములు నిండకుండ కూనను తల్లినుండి విడదీయరాదు.

రెండేండ్లవానికి మాటలతో బోధపడదు. వాడు తోక పట్టి లాగును, మెడ పట్టి ఎత్తును. వానిని కూనలతో ఒంటరిగా విడువకుండుటయే మార్గము. పెద్దపిల్లకు మాత్రము నేర్పవచ్చును: ఒక చేయి రొమ్ము క్రింద, ఒక చేయి వెనుకకాళ్ల క్రింద పెట్టి ఎత్తవలెను, తినుచున్నప్పుడు, నిద్రించునప్పుడు ముట్టరాదు, చెవులు వెనుకకు వాల్చి తోక విదిలించినచో దించివేయవలెను.

గోదావరి డెల్టాలో నేనెరిగిన ఒక రైతు ఇంట జరిగిన సంగతి చెప్పెదను. కూనలు వచ్చిన దినముననే తండ్రి, "ఎవరినైనా రక్కినదా, గోనెలో కట్టి కాలువ దాటించి వచ్చెదను" అన్నాడు. హాస్యమునకే అన్నాడేమో! తల్లిపిల్లి కూతురి ముంజేయి రక్కినది, నెత్తురు వచ్చినది. ఆ పిల్ల మూడు దినములు ఎవరికిని చెప్పలేదు. నాలుగవ నాడు తలంటి పోయుచు తల్లి చూచినది. "చెప్పితే నాన్న పిల్లిని వదిలేస్తాడుగా" అని ఆ పిల్ల ఏడ్చినదట.

పాఠకులు ఇచ్చట ఆగి ఆలోచింపవలెను. రేబిస్ కుక్కవలననే కాదు, పిల్లి కాటువలనను, రక్కుటవలనను రావచ్చును. లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకుట దాదాపు లేదు. సమయమునకు టీకా వేయించినచో రాకుండ ఆపవచ్చును. కావున బిడ్డ దాచిన ఆ మూడు దినములు అసలు ప్రమాదము. రక్కిన వెంటనే గాయమును ధారగా పోయు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము అద్దరాదు, కట్టు కట్టరాదు. ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. ఆలస్యమైనను మానరాదు, పోయియే తీరవలెను.

ఆ ఇంట నాయనమ్మ అడ్డుపడినది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పసిదానికెట్లు పొడిపింతురని ఆమె భయము. ఆ పాత మందు తయారీ మన దేశములో 2004 సంవత్సరాంతముతో ఆగిపోయినది. ఇప్పటి టీకా చేతికే వేయుదురు, వైద్యుడు చెప్పిన తేదీలలో కొలది మార్లు మాత్రమే. ఒక్క తేదీని తప్పరాదు.

తండ్రికి వైద్యుడు ఇంకొక మాట చెప్పినాడు. రక్కిన పిల్లిని తరిమివేయరాదు. పది దినములు కంటి ఎదుట ఉంచి కనిపెట్టవలెను. అది ఆరోగ్యముగా ఉన్నచో బిడ్డకు ఆ పిల్లివలన రేబిస్ భయము లేనట్లే. కాలువ దాటించినచో ఆ సంగతి తెలియు దారియే పోవును. పిల్లి నిలిచినది. కూనలును నిలిచినవి. గోనె మాట ఆ ఇంట మరల వినబడలేదు.

తిండి సంగతి. గేదెపాలు, ఆవుపాలు పోసినచో కూనలకు తరచు విరేచనములు పట్టును. నాలుగు వారములు దాటినపుడు ముల్లు తీసిన ఉడికిన చేపను మెత్తని అన్నములో కలిపి పెట్టుడు, మూకుడులో మంచినీరుంచుడు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టరాదు. జ్వరమునకు మనము మ్రింగు పారాసెటమాల్ బిళ్ల పిల్లికి విషము.

ఇల్లు కట్టుటకు పోసిన ఇసుక ఉన్నచో దానిపై పట్టా కప్పుడు. పిల్లి అచ్చటనే మలము పూడ్చును, పసివాడు అచ్చటనే ఆడుకొని చేయి నోట పెట్టుకొనును, నులిపురుగులు చేరును. దొడ్డిలో పాత తట్టనిండ ఇసుక పోసి పిల్లికి వేరుగా చోటు చూపి, ప్రతిదినము శుభ్రము చేయుడు. ఆ పని గర్భిణులు చేయరాదు. చంటిబిడ్డ ఉయ్యాలకు దోమతెర కట్టుడు. వెచ్చదనమునకు కూనలు అందులో దూరును.

పిల్లిని ఉంచుకొన్న ఇంట ఎలుకల మందు పెట్టరాదు. జింక్ ఫాస్ఫైడ్ ఎరను కూన తినును, పసివాడును తినవచ్చును. బోనులు వాడుడు. గాదె అడుగున సందులు మూయుడు. పిల్లి చుంచులను, చిన్న ఎలుకలను పట్టును గాని ఎదిగిన పందికొక్కు జోలికి సాధారణముగా పోదు. దానిని నమ్ముకొని గాదెకు తలుపు వేయుట మానకుడు.

కూనకు మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయింపుడు, నులిపురుగుల మందు అడుగుడు. అయిదారు నెలలకే ఆడుపిల్లి చూలు కట్టగలదు. శస్త్రచికిత్స సంగతి కూడ ఆనాడే మాటలాడుడు. గ్రామాధికారులు పశువైద్యునితో సంప్రదించి ఒక దినము నిర్ణయించి చాటింపు వేయించినచో, ఊరిలోని కుక్కలకు, పిల్లులకు ఒకేమారు టీకాలు ముగియును. పిల్లిని గోనె సంచిలో కాక, మూత కట్టిన వెదురుగంపలో తీసికొనిపొండు.