పడవ బొమ్మ సీసం నాణెం

1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు గుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంత, ముంత నిండా రోమన్ బంగారు నాణేలు. పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోగా, ముప్పైకి పైగా ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికొచ్చాయి. చరిత్రకెక్కింది ఈ బంగారమే. కానీ ఈ తీరంలో సంతబేరం నడిపిన చిల్లర వేరు.

గాలివానలు వెలిశాక బెస్త కుప్పాల ఆడవాళ్లూ పిల్లలూ ఇసుక దిబ్బల్లో పాత నాణేలు ఏరేవారని, ఊరూరా తిరిగే వర్తకులకిచ్చి సరుకులు తీసుకునేవారని, అవి చివరికి కంచరి కొలిమికి చేరేవని వాల్టర్ ఇలియట్ 1880ల్లో అచ్చయిన తన నాణేల పుస్తకంలో రాశాడు. కోరమండల్ తీరంలో దొరికిన వాటిలో శాతవాహనుల సీసం నాణెం ఒకటి: ఒకవైపు రెండు తెరచాప స్తంభాల ఓడ, రెండోవైపు నాలుగు వలయాలను కలిపే శిలువలాంటి ఉజ్జయిని గుర్తు. క్రీ.శ. రెండో శతాబ్దం నాటిది.

సీసమే ఎందుకు? 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. మెత్తన కాబట్టి అచ్చు మీద పెట్టి ఒక్క దెబ్బ కొడితే బొమ్మ పడుతుంది. ఖనిజాన్ని గాలిలో కాల్చి గంధకం వదిలించి, బొగ్గుతో కలిపి కాగబెడితే లోహం అడుగుకు దిగుతుంది. భారతీయుల దగ్గర రాగీ సీసమూ లేవని, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి కొంటారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సీసం ఓడల్లో వచ్చిన మాట నిజమే గానీ, ఇక్కడ అసలు లేవన్నది నమ్మక్కర్లేదు. నెల్లూరు జిల్లా గరిమెనపెంటలో పాత రాగి గనుల ఆనవాళ్లున్నాయి. పల్నాడు వైపు అగ్నిగుండాలలో సీసపు ఖనిజం ఉంది.

సీసం దొరికే రాతిలోనే తరచు జింకూ ఉంటుంది. మరి జింక్ నాణెం ఎందుకు లేదు? జింక్ ఆక్సైడు నుంచి లోహం విడిపోవాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, జింకేమో 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అంటే పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. గాలి తగిలిందా, తెల్లటి పొగ. కొలిమి అడుగున వెతికితే ఏమీ ఉండదు. ఆ ఆవిరిని రాగిలోకి ఇంకించి ఇత్తడి చేసుకున్నారు తప్ప, జింకును విడిగా చూడలేదు.

చిక్కు విడదీసింది రాజస్థాన్‌లోని జావర్. వంకాయ ఆకారపు మట్టి మూసల్లో ఖనిజం నింపి, మూతి కిందికి పెట్టి, ఒక్కో కొలిమిలో 36 చొప్పున అమర్చి పైనుంచి మంట పెట్టేవారు. ఆవిరి పైకి పోయే దారి లేక కిందికి దిగి, చల్లని పాత్రలో లోహమై చుక్కలు చుక్కలుగా రాలేది. ఎంత తెలివి! పన్నెండో శతాబ్దానికే అక్కడ ఇది పరిశ్రమ.

1977లో మొదలైన విశాఖ జింక్ స్మెల్టర్‌కు ఈ ఆవిరి గొడవే లేదు: కాల్చిన ఖనిజాన్ని గంధకామ్లంలో కరిగించి, కరెంటు పంపితే అల్యూమినియం రేకుల మీద జింక్ పేరుకుంటుంది, దాన్ని ఒలిచి తీయడమే. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జింక్ మాత్రం మన జేబులోకి చేరింది: ఇరవై రూపాయల బిళ్ల బయటి వలయంలో 15 శాతం, మధ్యభాగంలో 20 శాతం అదే. పది రూపాయల బిళ్లకే మొహం తిప్పుకునే కొట్లవాళ్లు దాన్ని తీసుకుంటారో లేదో వేరే సంగతి.