ఈ విద్యాసంస్థే ఎందుకు?

ఉన్నత విద్యాసంస్థలు కొన్ని దరఖాస్తుతో పాటు "మా సంస్థనే ఎందుకు కోరుకొన్నారు?" అన్న వ్యాసాన్ని అడుగుతాయి. "పేరెన్నికగన్నది గనుక" అన్న సమాధానం ఏ సంస్థకైనా చెల్లుతుంది. కావుననే అది సమాధానం కాదు.

జంషెడ్‌పూర్‌లోని ఎక్స్.ఎల్.ఆర్.ఐ.ని తీసుకొందాం. జెసూట్ మతగురువులు దీనిని 1949లో స్థాపించారు. 'జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్' అన్న పేరే దాని ఆశయాన్ని తెలుపుతుంది: కార్మికులకూ యాజమాన్యానికీ నడుమ సంబంధాల అధ్యయనం. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలైన టాటా ఉక్కు కర్మాగారం ఆ ఊరిదే.

అక్కడికి ఉపాధికై వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలు అనేకం. అట్టి ఇంటి బిడ్డ తండ్రి షిఫ్టు వేళలను, యూనియన్ గురించి ఇంట విన్న వాదాలను పేర్కొని, వాటినుండి తనలో పుట్టిన ప్రశ్నకు ఆ సంస్థలో ఏ పాఠ్యాంశం తోడ్పడగలదో వివరించవచ్చు. జంషెడ్‌పూర్ ఎన్నడూ చూడని విద్యార్థి తన ఊరి మిల్లులో జరిగిన సమ్మెతో ప్రారంభించవచ్చు.