మతబోధయు మర్యాదయు

తాను నమ్మిన సత్యమును పొరుగువానితో చెప్పుకొనుట మానవునకు సహజము. అది దోషము కాదు. కాని, చెప్పువాడు వినువానిని తనతో సమానుడైన మనుష్యునిగా చూచుచున్నాడా, లేక తన సంఘమున నొక సంఖ్యగా చూచుచున్నాడా యనునదియే విచారింపదగిన విషయము. క్రైస్తవమత బోధ విషయమున ఇందుకు ఒంగోలు సీమయందే యొక నిదర్శనము కలదు.

అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. పదియేండ్లకు ధాత కరవు దాపురించి, 1876 మొదలు 1878 వరకు దేశమును దహించెను. పూర్వము సర్వేపని యెరిగియుండిన క్లౌ దొర, బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్లు త్రవ్వించు కంట్రాక్టును తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. క్రైస్తవులకును ఇతరులకును అచ్చట పని దొరికెను.

ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారు పెక్కుమంది. అయినను ఆయన దాదాపు 15 మాసములు ఎవ్వరికిని బాప్తిస్మ మిప్పింపలేదు. కూటికొరకు మతము మారుదు రేమో యని ఆయన శంకించెను. ఆకలిగొన్నవాని సమ్మతి స్వతంత్రమైన సమ్మతి కాదు. కరవు సాయము ముగియు తరుణమున, తమకు ధనసాయ మక్కరలేదని చెప్పి జనులు మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీట నిలిచి యిచ్చిరి.

అన్నము పెట్టిన చేయియు, బోధించిన నోరును ఒకటియే యైనప్పుడు కృతజ్ఞతయు నొక బంధనమే కదా యని కొందరాక్షేపింతురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. కాలువగట్టున విశ్రాంతివేళల బోధయు జరిగెను. కాని సాయమునకును దీక్షకును నడుమ ఎడము కల్పింప యత్నించిన నిగ్రహము సామాన్యమైనది కాదని మా యభిప్రాయము.

ఇందు భూస్వాములమైన మనమును నేర్వవలసిన పాఠము కలదు. ఆనాడు చేరినవారిలో అత్యధికులు మాదిగలు. పండుగలకు డప్పు కొట్టమనియు, ఆదివారము పని చేయమనియు చెప్పినందుకు వారు గ్రామములలో బాధలు పడిరి. మతాంతరమును నిందించుటకు ముందు, వారికి మన వాకిట లభించిన మర్యాద యెంతయో తలచుకొనుట న్యాయము.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 25వ అధికరణము మతప్రచార స్వాతంత్ర్యము నొసంగుచున్నది. మతసిద్ధాంతములను వివరించి వ్యాపింపజేయు హక్కు కలదు గాని, అన్యుని మతము మార్చు హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పెను. బలాత్కారమును, వంచనను శాసనము శిక్షింపగలదు, దయను పుట్టింపజాలదు. 15 మాసములు వేచియుండుమని క్లౌ దొర నే శాసనమును నిర్బంధింపలేదు. ఏ మతమును బోధించువారైనను, వినువానికి కాదనుటకు కూడ చోటు విడిచి మాటలాడుదురు గాక.