చౌకధర ఎప్పుడు నేరము?

నడికుడి చుట్టుపట్ల సున్నపురాయి నేల. సిమెంటు మన పల్నాటి పరిశ్రమ. వానకాలమున నిర్మాణములు మందగించి బస్తా ధర తగ్గినచో, అది నేరమా? కాదు. యంత్రములకు పెట్టుబడి ముందే పెట్టితిమి. బొగ్గు, విద్యుత్తు వంటి మారెడు ఖర్చులు రాబట్టుకొన్నను కర్మాగారము నడపుటే మేలు. పోటీ కమిషను నిబంధనలును సాధారణముగా ఆ ఖర్చుల సగటునే కొలతగా గ్రహించినవి.

అంతకన్న తక్కువకు అమ్మినంతమాత్రమునను నేరము కాదు. 2002 నాటి పోటీ చట్టము 4వ సెక్షను ప్రకారము సంస్థకు మార్కెట్టుపై ఆధిపత్యము, పోటీదారులను తొలగించు ఉద్దేశము ఉండవలెను. 2017లో జియోపై ఎయిర్‌టెల్ ఫిర్యాదు ఆధిపత్యము లేదన్న కారణమున వీగిపోయినది.

ఈ జాగ్రత్త మనకు సమ్మతమే. తొందరపడి శిక్షించినచో ఇల్లు కట్టుకొనువాడే నష్టపడును. కాని మూతపడిన చిన్న కర్మాగారమును ఆలస్యపు తీర్పు తెరువజాలదు. కనుక విచారణ త్వరగా ముగియవలెను.