తాటి నీరా కాచుటకు ఏ వంటచెరకు మేలు?

తాటిబెల్లము వండు రైతు తన ఖర్చులను ఒక కాగితము మీద వ్రాసి చూచుకొన్నచో, అందులో ఒక పద్దు ఖాళీగా ఉండును. గీతకూలి ఎంతయో అతనికి తెలియును. కుండలకు, సున్నమునకు అయినది తెలియును. పొయ్యి క్రిందికి పోయిన కట్టెల వెల మాత్రము చాలమందికి తెలియదు. గట్టు మీది కంప, పెరటిలోని మట్ట, మొన్న కొన్న బండెడు కట్టె అన్నియు ఒకే పొయ్యిలో కలిసిపోవును. బెల్లము అమ్మిన పిదప చేతిలో ఏమియు మిగులలేదని చింతించునపుడు, ఆ మిగులు ఎటుపోయినదో వెదుకవలసిన మొదటి చోటు ఆ పొయ్యియే.

తాజా నీరాలో చక్కెర నూటికి 10 నుండి 14 పాళ్ల వరకు ఉండును. తక్కినది దాదాపు అంతయు నీరే. 10 లీటర్ల నీరా కాచినచో సుమారు కిలోంబావు బెల్లము దిగును. 9 లీటర్ల నీరు ఆవిరిగా పోవలెను. మరుగుచున్న నీటిని ఒక కిలో ఆవిరి చేయుటకు 540 కిలో కేలరీల వేడి కావలెను. అనగా 9 కిలోలకు సుమారు 4,900. తెల్లవారుజామున దించిన చల్లని నీరాను మరుగుదాక తెచ్చుటకు మరియొక 700. మొత్తము 5,600 కిలో కేలరీలు. ఏ పొయ్యి పెట్టినను, ఏ కట్టె వేసినను ఈ అంకె తగ్గదు. మన చేతిలో ఉన్నది ఈ వేడిని నీరాకు అందించుటలో ఎంత వృథా చేయుదుము అన్నది మాత్రమే.

బాగుగా ఎండిన కట్టె కిలో ఒకటికి సుమారు 3,500 కిలో కేలరీలు ఇచ్చును. కాని మూడురాళ్ల పొయ్యిలో అందులో నూటికి 10, 15 పాళ్లు మాత్రమే పెనమునకు చేరును. తక్కినది ప్రక్కలనుండి గాలిలోనికి పోవును. ఆ లెక్కన 10 లీటర్ల నీరాకు 13 కిలోల కట్టె కావలెను. అనగా బెల్లము బరువునకు పదిరెట్లు! అదే కట్టెను చుట్టును మూసి, జాలీ అమర్చి, పొగగొట్టము పెట్టిన పొయ్యిలో కాల్చి నూటికి 25 పాళ్ల వేడిని రాబట్టగలిగినచో ఆరున్నర కిలోలు చాలును. కావున ఏ వంటచెరకు అని అడుగుటకు ముందు ఏ పొయ్యి అని అడుగుట న్యాయము.

ఈ విషయమున మనకంటె కష్టపడువారును లేకపోలేదు. కెనడా దేశమున, అమెరికా ఈశాన్య రాష్ట్రములలో మేపుల్ అను చెట్టునుండి తీయు రసములో చక్కెర నూటికి 2 పాళ్లే. ఒక లీటరు పాకమునకు సుమారు 40 లీటర్ల రసము మరిగింపవలెను. అందుచే అచ్చటి పెద్ద ఉత్పత్తిదారులు పొయ్యి వెలిగించుటకు ముందే యంత్రముతో రసమును పలుచని పొర గుండా నెట్టి చాల భాగము నీటిని వేరుచేయుచున్నారు. మన నీరా దానికంటె అయిదారు రెట్లు చిక్కన.

పచ్చికట్టె ప్రియమైన కట్టె

అప్పుడే నరికిన కట్టెలో దాదాపు సగము బరువు నీరే. నీరాలోని నీటిని ఆవిరిచేయవలసిన మంట ముందుగా కట్టెలోని నీటిని ఆవిరిచేయవలసి వచ్చును. అట్టి కట్టె కిలోకు 2,000 కిలో కేలరీలు వచ్చుట కూడ కష్టము. పైగా పొగ హెచ్చు. పొయ్యి ఊదుచు రోజుకు మూడునాలుగు గంటలు దాని ముందు కూర్చుండు ఆడవారి కండ్లకు, ఊపిరితిత్తులకు ఆ పొగ చేయు కీడు ఏ లెక్కపుస్తకములోను కనబడదు. బరువు తూచి కొనువారు పచ్చికట్టెను చవుకగా వచ్చినదని కొనరాదు. సగము డబ్బు నీటికి ఇచ్చినట్లే.

గీత సాధారణముగా సంక్రాంతి దాటిన పిదప పుంజుకొని వేసవి అంతయు సాగును. ఆ కాలమునకు కావలసిన కట్టెను వర్షములు వెనుకబట్టిన వెంటనే కొట్టి, మణికట్టు లావున చీల్చి, నేలకు తగులకుండ రాళ్లపై పేర్చి, పైన మాత్రము తాటాకు కప్పి, ప్రక్కలు గాలికి విడువవలెను. నాలుగు ప్రక్కల కప్పినచో కట్టె ఎండదు, బూజుపట్టును. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టినపుడు ఖంగుమని మ్రోగి, చివరలు నెరదీసి, బెరడు చేతితో ఊడివచ్చినచో ఎండినదని గ్రహింపవచ్చును.

మంట కావలసిన వేళ, నిప్పు కావలసిన వేళ

నీరా కాచుటలో రెండు దశలు కలవు. మొదటి దశలో నీరు పోవలెను. పెనము అడుగు అంతటను పరచుకొను పొడవైన, బలమైన మంట కావలెను. ఇచ్చట ఆలస్యము పనికిరాదు. సూర్యుడు పైకివచ్చిన కొలది నీరా పులియును. పులిసిన నీరాలోని చక్కెర విరిగి, బెల్లము గట్టిపడక జిగురుగా మిగులును. రెండవ దశలో పాకము చిక్కబడి, వేడి 115 నుండి 118 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరుచుండగా మంట తగ్గవలెను. తగ్గనిచో నిమిషములలో అడుగంటి, మాడు వాసన కొట్టును. ఉదయమంతయు పడిన శ్రమ ఆ చివరి పావుగంటలో పాడగును.

ఒకే వంటచెరకు ఈ రెండు పనులను చక్కగా చేయుట అరుదు. తాటిచెట్టు తన నీరాకు కావలసిన ఇంధనములో కొంత తానే ఇచ్చును. గీతకు ముందు చెట్టు శుభ్రము చేయునపుడు రాలు ఎండాకు, మట్టలు మొదటి దశకు మంచివి. ఆకు ఒక్కటే వేసినచో భగ్గున మండి చల్లారును, మనిషి పొయ్యి వదలి కదలుటకు వీలుండదు; మట్టలను చీల్చి కట్టెతో కలిపి వేయవలెను. తేగలు త్రవ్వి తీసిన పిదప మిగులు తాటిబుర్రలను చాలమంది పారవేయుచున్నారు. ఎండిన బుర్ర బొగ్గువలె నిలిచి కాలును. రెండవ దశకు ఇంతకంటె చవుకైనది నాకు తోచదు.

తెలంగాణ పల్లెలలో పత్తికట్టె, కందికట్టె సమృద్ధిగా దొరకును. వాటిని చేలలోనే తగులబెట్టుటకంటె కట్టలు కట్టి నీరా పొయ్యికి చేర్చుట మేలు. ఇవియు మొదటి దశకే. కోస్తాలో సరుగుడు తోటలున్న చోట బోదెలు కాగితపు మిల్లులకు పోయినను కొమ్మలు, మొదళ్లు వంటచెరకుగా దొరకును. వేడియందు, నిలకడయందు సరుగుడు శ్రేష్ఠము. సర్కారుతుమ్మ కూడ గట్టి నిప్పు ఇచ్చును. పొలములను ఆక్రమించు ఆ చెట్టును నరికినందుకు ఎవరును విచారింపరు. కోనసీమవంటి చోట్ల కొబ్బరిచిప్పలు వాడవచ్చును. కొబ్బరి డొక్క మాత్రము పొగ చిమ్ముచు నెమ్మదిగా కాలును. వరి ఊకలో కిలోకు 3,000 కిలో కేలరీలకు పైబడియే వేడి ఉన్నను దానికి వేరు పొయ్యి కావలెను; మామూలు పొయ్యిలో పోసినచో మంట అణగిపోవును. పిడకలను నేను సిఫారసు చేయను. వేడి తక్కువ, బూడిద హెచ్చు. ఆ పేడ పొలమునకు ఎరువుగా పోవుటయే లాభము.

గ్యాసు మాట

గ్యాసు పొయ్యి పెట్టవచ్చునా అని ఇటీవల పలువురు అడుగుచున్నారు. కిలో గ్యాసులో సుమారు 11,000 కిలో కేలరీలుండును. మంచి బర్నరు అందులో నూటికి 60 పాళ్ల వరకు పెనమునకు చేర్చగలదు. 10 లీటర్ల నీరాకు 850 గ్రాములు చాలును. అనగా 19 కిలోల వాణిజ్య సిలిండరు సుమారు 22 వంటలకు వచ్చును. కిలో గ్యాసు, మంచి కట్టెపొయ్యిలో కాల్చిన ఏడున్నర కిలోల ఎండుకట్టెకును, మూడురాళ్ల పొయ్యిలో కాల్చిన పదిహేను కిలోలకును సమానము. కావున తమ ఊరిలో కిలో కట్టె వెలను ఏడున్నరతో హెచ్చవేయుడు. వచ్చిన మొత్తము కిలో గ్యాసు వెలకంటె తక్కువైనచో కట్టెయే లాభము, ఎక్కువైనచో గ్యాసు. కట్టెను డబ్బిచ్చి కొననివారికి గ్యాసు గిట్టుబాటగుట కష్టము. అయినను మొదటి దశను కట్టెపై కానిచ్చి, చివరి పాకమును మాత్రము గ్యాసుపై దించుట ఆలోచింపదగిన పద్ధతి. మంట చేతిలో ఉండును, ఖర్చు స్వల్పము. ఇంటి వాడుకకు ఇచ్చిన సిలిండరును అమ్మకపు బెల్లమునకు వాడుట నిబంధనలకు విరుద్ధమని గుర్తుంచుకొనవలెను.

కొన్నిచోట్ల బెల్లపు పొయ్యిలలో పాత టైర్లు, ప్లాస్టిక్కు, రంగువేసిన చెక్కలు కాల్చుట కలదు. దీనిని గ్రామాధికారులు సైతము ఉపేక్షింపరాదు. బెల్లపు పెనము మూతలేనిది. టైరునుండి లేచు మసి గాలి తిరిగినపుడు ఆ పాకములోనే పడును. ఆ పొగలో గంధకపు వాయువులు, ఊపిరితిత్తులకు హానికరములగు విషపదార్థములు ఉండును. పిల్లలకు బలమని పెట్టు బెల్లమును దానితో వండుట తగదు.

పొయ్యి విషయము. పెనము లోతు తక్కువ, వెడల్పు హెచ్చుగా ఉండవలెను. పెనము అంచునకు, పొయ్యి గోడకు నడుమ సందులను మట్టితో మెత్తవలెను. కట్టె నేలపైగాక ఇనుప ఊచల జాలీపై కాలవలెను. గాలి క్రిందినుండి వచ్చును, బూడిద క్రిందికి రాలును. పొగగొట్టమునకు పోవు దారిలో రెండవ పెనమొకటి అమర్చినచో, వృథాగా పోవు వేడితో తరువాతి వాయి నీరా ముందుగానే వెచ్చబడును. అయితే ఆ పెనములో పోయుటకు ముందే నీరాను వడకట్టి సున్నము తేర్చవలెను. మంట నిలకడగా లేనిచో నురుగు పొంగి పొరలును. అట్టివేళ కొబ్బరి తురుము చిటికెడు వేసిన అణగును. రంపచోడవరము సమీపమున పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానమున తాటిపై పరిశోధనలు జరుగుచున్నవి. నీరా తయారీని గూర్చి సందేహములున్నవారు అచ్చట విచారింపవచ్చును.

ఈ లెక్కలు ఎవరి పొయ్యికి వారు సరిచూచుకొనుట సులభము. మూడు దినములు ఒక రకము కట్టెను, మరి మూడు దినములు ఇంకొక రకమును, వేయుటకు ముందు తూచి వాడవలెను. ప్రతిదినము నీరా ఎన్ని లీటర్లో, బెల్లము ఎంత దిగినదో, ఎంత సేపు పట్టినదో వ్రాయవలెను. చివర పొయ్యిలో మిగిలిన కొరకంచులను ఆర్పి, తూచి, మొదటి బరువులోనుండి తీసివేయుట మరువరాదు.